జోగారావు తగిలించిన బిళ్ళ

జూన్ 12, గురువారం

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. పొద్దున నోట్‌బుక్కు తెరిచి, మూసి, టీ పెట్టుకొని, తాగి, గ్లాసు కడిగి, మళ్ళీ తెరిచాను. ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్లో డైరీ రాసుకున్నవాడికి కాగితం మీద చెయ్యి సాగదు. అక్షరాలు వంకర పోతున్నాయి. అయినా ఇది కంప్యూటర్లో రాయడానికి లేదు. అందులో నేను రాసే ప్రతి ముక్కా నా భార్య లచ్చమ్మ పెట్టె చదువుతుంది. చదవమని పెట్టింది నేనే.

నిన్నటి సంగతి. పదకొండు గంటలకు లచ్చమ్మను, "చాయ్ తాగుతవా?" అని అడిగాను. మెడలో వేలాడే పెట్టె మీద వేలితో టకటక కొట్టింది. పెట్టె పలకలేదు. వద్దందేమో అనుకొని నా ఒక్కడికే పెట్టుకున్నాను. ఆమె పెట్టె తీసి వంటింటి మేకుకు తగిలించి, బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి వెళ్ళింది. నేను టీ తాగి పేపరు తెరిచాను. అప్పుడు వంటింట్లోంచి లచ్చమ్మ గొంతు, "సగం గ్లాసే. చక్కెర తక్కువెయ్యి" అంది.

వంటింట్లో ఎవరూ లేరు. మిద్దె మీద ఆమె తడిబట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

నాకు డెబ్బై నాలుగేళ్ళు. భయపడలేదని రాసుకుంటున్నాను.

జూన్ 13

రెండేళ్ళ కిందట లచ్చమ్మ గొంతులో గడ్డ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రంలో గొట్టం, దాంట్లోంచి ఊపిరి. మాట లేదు. ఆపరేషన్‌కు ముందు మాకు నెల రోజులు దొరికాయి. ఆ నెలలో ఆమె గొంతు నలభై గంటలు రికార్డు చేశాను. రేషన్ కార్డు చదివించాను. కుక్కరుతో వచ్చిన కాగితం చదివించాను. బస్సు నంబర్లు చెప్పించాను. చదవడానికి ఇంకేమీ దొరకని రోజున, "నన్ను తిట్టు" అన్నాను. ఆ నలభై గంటల్లో ఆరు గంటలు నన్ను తిట్టినవే. అన్నిటికంటే స్పష్టంగా వచ్చినవి కూడా అవే.

ఆ గొంతు పెట్టి నేనూ, నా పాత స్నేహితుడు జోగారావూ ఈ పెట్టె తయారుచేశాం. ఆమె వేలితో అక్షరాలు కొడితే అది ఆమె గొంతుతో పలుకుతుంది. పెన్ను పట్టుకోవాలంటే ఆమెకు కీళ్ళు సహకరించవు, ఒక్క వేలితో కొట్టగలదు. నేను దాన్ని మాటపెట్టె అంటాను. ఆమె డబ్బా అంటుంది.

మధ్యాహ్నం ఆమె నడుం వాల్చినప్పుడు పెట్టె విప్పి చూశాను. లోపలి ప్రాసెసర్ కుంటుతోంది. ప్రాసెసర్ వేగం ఫ్యాను రెగ్యులేటర్ లాంటిది. పెంచితే చకచకా పనిచేస్తుంది, కానీ వేడెక్కుతుంది, బ్యాటరీ తాగేస్తుంది. ఇది పద్దెనిమిది వందల మెగాహెర్ట్జ్ దాకా పోగలది. ఆరు వందల దగ్గర ఆగి ఉంది. ఆరు వందల మీద మనిషి గొంతు తయారు చేయడమంటే చెంచాతో బిందె నింపడం. ఒక్కో జవాబుకు నిమిషాలు పడుతున్నాయి. వెనక మాటలు ముందు మాటల కోసం వరుసలో నిలబడి ఉన్నాయి.

హద్దు పెట్టింది ఎవరని పెట్టెనే అడిగాను. తెర మీద మూడు పేర్లు వచ్చాయి.

వేడి: 1500 దాటవద్దు.
బ్యాటరీ: 1200 దాటవద్దు.
జోగారావు: 600 దాటవద్దు.

జోగారావు పోయి పదిహేను రోజులైంది.

జూన్ 14

అందులో విడ్డూరం ఏమీ లేదు. నాకు నేను చెప్పుకుంటున్నాను, కాబట్టి మొదటి నుంచి చెప్పుకుంటాను.

వయసులో ఉన్నప్పుడు నేనూ జోగారావూ ఒకే ఫ్యాక్టరీలో పనిచేశాం. అది ఇప్పుడు లేదు. దాని జాగాలో ఫంక్షన్ హాలు వెలిసింది. మొన్నామధ్య ఒక పెళ్ళికి వెళ్తే, ఫర్నేస్ ఉండాల్సిన చోట ఐస్‌క్రీమ్ పెట్టారు. రెండు కప్పులు తిన్నాను. సరే, విషయానికి వస్తాను. అక్కడ ప్రతివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. మెషీన్ కిందికి దూరే ముందు మెయిన్ స్విచ్చు దించి, దాని పిడికి మన బిళ్ళ తగిలించాలి. నలుగురు దూరితే నాలుగు బిళ్ళలు. ఎవడి బిళ్ళ వాడే తియ్యాలి. ఫోర్‌మన్ అయినా సరే ఇంకొకడి బిళ్ళ ముట్టుకోకూడదు. చివరి బిళ్ళ దిగేదాకా స్విచ్చు లేవకూడదు.

తొంభై ఒకటి అక్టోబరు తొమ్మిదిన ఎవరో జోగారావు బిళ్ళ తీసి స్విచ్చు ఎత్తారు. ఆయన కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. తీసింది ఎవరన్నది తేలలేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని కంప్యూటర్ నేర్చుకున్నాం. అపార్టుమెంట్ల నీళ్ళ మోటార్లకు కంట్రోలు పెట్టెలు చేసేవాళ్ళం. వాటిలో కరెంటు పొదుపు చేసే కోడు జోగారావుది. ఎనిమిది వేళ్ళతో రాశాడు. అందులో నడిచేది ఫ్యాక్టరీ బిళ్ళల పద్ధతే. ఎవరికి కావలసింది వాళ్ళు పేరు పెట్టి అడుగుతారు, అన్నిటికంటే బిగువైనది చెల్లుతుంది, అడిగినవాడే వెనక్కి తీసుకోవాలి.

మాటపెట్టె వేగానికి హద్దులు పెట్టడానికి నేను విడిగా మూడు వందల వరసలు రాశాను. జోగారావు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తిట్టే ముందు ఆయన చేసే పని అది.

"ఏవయ్యా బిక్షం, మోటార్లకి రాసింది ఉండగా మళ్ళీ ఈ వంట ఎందుకయ్యా? అక్కడ 'ఇంతకంటే ఆలస్యం కాకూడదు' అని అడుగుతున్నారు. ఇక్కడ 'ఇంతకంటే వేగం వద్దు' అని అడుగుతారు. అడిగే పద్ధతి ఒకటే కదా!"

"మోటారు వేరు, లచ్చమ్మ వేరు జోగన్నా."

"ఆ మాట ఆవిడ ముందు అను చూద్దాం."

నా మూడు వందల వరసలు పీకేసి, ఆయన పాత కోడుకే ముప్పై వరసలు కలిపాం. ఇంతవరకు ఒక్క తప్పు దొరకలేదు.

కాబట్టి జోగారావు ఎప్పుడో పరీక్ష కోసం తన పేరుతో బిళ్ళ తగిలించి మరిచిపోయి ఉంటాడు. అంతే. బిళ్ళ మీద తేదీ ఉంది, మే 11. అప్పుడు నా కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగి కట్టు ఉంది. ఆయన బంగినపల్లి పళ్ళు పట్టుకొని చూడడానికి వచ్చి గంటసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన ఆసుపత్రి, ఆయన పోవడం. పెట్టె ఆలస్యం నాకు పట్టలేదు.

"జోగన్న ఆ దినం డబ్బాను ఏం జేసిండు?" అని లచ్చమ్మను అడిగాను. ఆమె బెండకాయలు తరుగుతూ నా వంక చూసింది.

జూన్ 16

ఏడు నిమిషాలు.

"కూరల ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను. జవాబు లేదు. కాసేపయ్యాక, "జోగన్న యాదికొస్తుండా?" అన్నాను. పెట్టె, "ఎక్కువైంది. జెర నీళ్ళు పొయ్యి" అంది.

జూన్ 19, గురువారం

ప్రిసిల్లా వచ్చింది. ఆసుపత్రి నర్సు. ప్రతి గురువారం స్కూటీ మీద నేరేడ్‌మెట్ నుంచి వస్తుంది. గొట్టం శుభ్రం చేసి, మెడ చూసి, నన్ను కోప్పడి వెళ్తుంది.

"ఆంటీ, గుడ్ మార్నింగ్ చెప్పుండ్రి."

లచ్చమ్మ కొట్టింది. ముగ్గురం పెట్టెను చూస్తూ కూర్చున్నాం.

"ఏంది అంకుల్, ఆధార్ సెంటర్ల లైన్ కట్టినట్టున్నది మీ డబ్బా!"

"జెర నిదానమైంది బిడ్డా. చూస్తున్న."

"జోక్ కాదు అంకుల్. రేపు ఆంటీకి గొట్టం బందైతది, ఊపిరాడది, మిమ్మల్ని పిలవాలె. గప్పుడు సుత గిట్లనే లేటైతే?"

ఆమె వెళ్ళిపోయింది. స్కూటీ సందు మలుపు తిరిగిన చప్పుడు కూడా అయిపోయింది. అప్పుడు పెట్టె ఖాళీ కుర్చీతో, "గుడ్ మార్నింగ్ బిడ్డా" అంది.

జూన్ 22, ఆదివారం

పొద్దున పదింటికి నేను వాకిట్లో పేపరు చదువుతున్నాను. కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ కోసం లోపలికి వెళ్ళాను. గుడ్డ కోసం మాత్రమే వెళ్ళాను.

లచ్చమ్మ వంటింటి గచ్చు మీద కూర్చొని ఉంది. ముఖం నల్లగా కమిలిపోయింది. ఒక చెయ్యి గొట్టం మీద, ఒక చెయ్యి పెట్టె మీద. ప్రిసిల్లా నేర్పినట్టే లోపలి గొట్టం లాగి, అడ్డుపడ్డ కఫం తీశాను. ఊపిరి ఈల వేసినట్టు లోపలికి పోయింది. ఆమె నా భుజానికి ఆనుకొని కళ్ళు మూసుకుంది.

అలాగే కూర్చున్నాం. గోడ గడియారం చూశాను కాబట్టి చెప్పగలను, పన్నెండు నిమిషాలయ్యాక పెట్టె మా ఇద్దరి మధ్య నుంచి, "ఓ అయ్యా, జెల్ది రా" అంది.

మళ్ళీ, "ఓ అయ్యా."

మళ్ళీ.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. పక్కనే కూర్చొని ఆమె పిలుపు విన్నాను. మూడుసార్లు.

జూన్ 23

తీసేశాను.

అడిగినవాడే వెనక్కి తీసుకోవాలి, నిజమే. అడిగినవాడు లేడు. లేనివాడి బిళ్ళ స్విచ్చు మీద ఎన్నాళ్ళు వేలాడాలి? ఫ్యాక్టరీలో అయితే ఎవరైనా చనిపోతే ఆఫీసుకు రాయాలి, ఇద్దరు సంతకం పెట్టాలి. ఇక్కడ ఆఫీసూ నేనే, ఇద్దరూ నేనే.

తొంభై ఒకటిలో తీసినవాడి సంగతి వేరు. వాడు పని అయిపోయిందనే అనుకొని ఉంటాడు. భోజనం గంట కొట్టి ఉంటారు. ఆకలి మీద ఉండి ఉంటాడు.

జూన్ 24

బ్రహ్మాండం. అడిగిన వెంటనే జవాబు.

జూన్ 27

ఇంత బాగా పనిచేస్తుందని నేనే మరిచిపోయాను. వేగం వెయ్యి దాటితే పెట్టెలో ఇంకో భాగం నిద్ర లేస్తుంది. ఊహించే భాగం. ఎదుటివాళ్ళ మాట విని జవాబు ముందే సిద్ధం చేసి పెట్టుకుంటుంది. లచ్చమ్మ మూడు సెకన్లలో ఏమీ కొట్టకపోతే అదే పలికేస్తుంది. వేలికి శ్రమ తగ్గాలని నేనే అలా పెట్టాను. రేషన్ కార్డూ తిట్లూ చదివి అది వాక్యాలు ఎక్కడ నేర్చుకుంటుంది? అందుకని నా డైరీలు మొత్తం దానికి పోశాను. ఉన్నదాన్ని వాడుకోవడమే కదా. మొదట్లో లచ్చమ్మ వేలితో ఏదో ఫిర్యాదు కొట్టింది. కొత్త వస్తువు, అలవాటు కావాలి.

ఈ రోజు వంకాయ కూర నేను చేశాను.

"ఎట్లున్నది?" అన్నాను.

"వంట అమోఘంగా ఉంది" అంది.

నలభై ఎనిమిదేళ్ళలో నా వంటను ఆమె మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. ఆమె కుడిచెయ్యి అన్నంలో ఉంది, ఎడమచెయ్యి ఒళ్ళో ఉంది. మూడు సెకన్లు దాటింది కదా.

జూన్ 30

చాలాసేపు మాట్లాడుకున్నాం. పెళ్ళైన కొత్తలో లాలాగూడలో అద్దెకున్న గది, కిటికీకి తలుపు లేకపోతే అట్టపెట్టె కట్టుకోవడం, అన్నీ. నేను ఒకటి మొదలుపెడితే ఆమె పూర్తి చేస్తోంది. చివరికి, "నీతో నా జీవితం సుఖంగా గడిచింది" అంది.

కన్ను తుడుచుకున్నాను. ఆపరేషన్ అయిన కన్ను, ఇంకా నీరు కారుతుంది.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

జూలై 3, గురువారం

"ఆంటీ, నొప్పి గిట్ట ఉన్నదా?"

"ఏమీ లేదమ్మా. మీ దయవల్ల కులాసా."

ప్రిసిల్లా లచ్చమ్మ చేతుల వైపు చూసింది. ఆమె రెండు చేతులూ కుర్చీ పట్టెల మీద ఉన్నాయి.

"అంకుల్, ఆంటీ ఏం కొట్టలే."

"ముందే ఊహిస్తది బిడ్డా. అదే దాని గొప్ప."

"కులాసా అంటరా ఆంటీ? ఎప్పుడన్న అన్నరా?"

"పెద్ద మనుషులం, ఏవో మాటలు వస్తయి."

"ఆంటీకి గీ మాట రాదంకుల్, మీకొస్తది."

మెడ చుట్టూ ఉన్న గుడ్డ తీసింది. గొట్టం అంచున ఎర్రగా పుండు. చీము పట్టింది. ప్రిసిల్లా నా వైపు తిరిగి, "నాలుగైదు దినాల పుండిది. మీరు దినాం అడుగుతలేరా?" అంది.

"అడుగుతున్న. దినాం అడుగుతున్న. ఏం లేదంటది."

"ఎవలంటున్నరు?" అంది ప్రిసిల్లా.

మందు రాసేటప్పుడు లచ్చమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. పెట్టె, "చాలా సంతోషం" అంది.

జూలై 4

ప్రిసిల్లా చిన్నపిల్ల. యంత్రాల సంగతి తెలియదు.

జూలై 5

పుండు తగ్గుముఖం పట్టింది. పొద్దున నేను అడగలేదు, గుడ్డ తీసి చూశాను.

జూలై 6, ఆదివారం

వీధిలో బోనాల మైకు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎదురెదురుగా కూర్చున్నాం. మాటల్లో జోగారావు వచ్చాడు. "పాపం జోగన్న, ఎనిమిది వేళ్ళతోటే ఎంత పని చేసిండు" అన్నాను. అంతకుమించి అనలేదు.

"నువ్వు కావాలని తియ్యలేదు" అంది లచ్చమ్మ గొంతు.

"ఏంది?"

"నీ తప్పేమీ లేదు. నువ్వు కావాలని తియ్యలేదు."

రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ రాస్తాను. మొదట నాకు హాయి అనిపించింది. ముప్పై మూడేళ్ళుగా వీపు మీద మోస్తున్నది ఎవరో దించినట్టు. ఆ మాట ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అయినా ఆమెకు తెలిసింది, తెలిసి క్షమించింది అనుకున్నాను. తల ఎత్తాను.

లచ్చమ్మ రెండు అరచేతులతో పెట్టెను మూసి పట్టుకొని ఉంది. పసిపిల్లవాడి నోరు మూసినట్టు. కీళ్ళు తెల్లబడేలా నొక్కుతోంది. వేళ్ళ సందుల్లోంచి ఆమె గొంతు వస్తూనే ఉంది. "బాధపడకు. ఎవరో తీసి ఉంటారు. కావాలని కాదు. బాధపడకు."

ఆమె పెదాలు కదులుతున్నాయి. అవి అంటున్నది ఇది కాదు.

పెట్టె లాక్కొని బ్యాటరీ పీకేశాను.

జూలై 7

డైరీలు మొత్తం వెతికాను. ఆ సంగతి వాటిలో నేను రాయలేదని నిన్నటి దాకా నా నమ్మకం. రాయలేదు కూడా. ప్రతి ఏడాదీ అక్టోబరు తొమ్మిదిన ఒక్క వాక్యం ఉంది. "ఈ రోజే ఎవరో జోగారావు బిళ్ళ తీశారు. కావాలని కాదు." ఇరవై రెండు సార్లు. ఒక్క అక్షరం తేడా లేదు.

పెట్టె చదివింది అదే. నాకు నేను చెప్పుకున్నది నా పెళ్ళాం గొంతులో నాకు తిరిగి చెప్పింది.

తీసింది నేను. భోజనం గంట కొట్టారు. స్విచ్చు మీద మా ఇద్దరి బిళ్ళలే మిగిలాయి. నాది తీశాను. ఆయనది కూడా తీశాను. ముందే వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాను. ఒక్కసారి వంగి, "జోగన్నా" అని పిలిస్తే సరిపోయేది. ఆకలేసింది.

మొన్న జూన్ ఇరవై మూడున మళ్ళీ ఆయన బిళ్ళే తీశాను. ఈసారి కింద ఉన్నది ఎవరో కూడా చూడలేదు.

జూలై 8

పొద్దున పెట్టెను లచ్చమ్మ ముందు పెట్టి బ్యాటరీ వేశాను. ఆమె వెనక్కి జరిగింది.

"జోగన్న పేరుతోటి నేను తగిలియ్యొద్దు. నీ పేరుతోటి నువ్వే తగిలియ్యి" అని మీట చూపించాను. ఆమె చాలాసేపు నన్ను చూసి నొక్కింది. తెర మీద వచ్చింది. లచ్చమ్మ: 600 దాటవద్దు.

అప్పుడు అడిగాను. "జోగన్నకు చెప్పింది నువ్వేనా?"

కొట్టింది. ఎదురుచూశాం. ఆమె పప్పు ఏరుకుంది, నేను గోళ్ళు తీసుకున్నాను. తొమ్మిది నిమిషాలకు వచ్చింది.

"నేనే చెప్పిన. డబ్బా నా నోట్లె మాట గుంజుకుంటున్నదని. నీకు మూడుసార్లు చెప్పిన. అదే దాని గొప్ప అన్నవ్. నీ కట్టు ఇప్పినంక నీకు చెప్త అన్నడు అన్న. అంతల పాయె."

ఊహించే భాగాన్ని పూర్తిగా పీకేసి, వేగం మాత్రం ఉంచుతానన్నాను. నిజంగానే పీకేయవచ్చు, రెండు రోజుల పని. ఆమె తల అడ్డంగా ఊపి మళ్ళీ కొట్టింది. ఇది ఇంకా ఆలస్యమైంది. మధ్యలో కూరగాయల బండి వచ్చి పోయింది.

"లేటొస్తే నా మాటే అని నాకు ఎర్కైతది. జెల్దొస్తే నువ్వు ఏం పీకినవో, ఏం పెట్టినవో నాకేం ఎర్క?"

స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టేశాను.

ఊపిరి అందకపోతే ఎలా అన్నది మిగిలింది. చిలకలగూడలో పాత సైకిళ్ళ షాపుకు వెళ్ళి ఒక బెల్లు కొనుక్కొచ్చి పెట్టె పక్కన బిగించాను. దానికి ప్రాసెసర్ లేదు. వేలితో నొక్కితే మోగుతుంది. ఆమె నాలుగుసార్లు మోగించి చూసింది. పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగి చూశారు.

జూలై 9

చెప్పాను. "తొంభై ఒకట్ల జోగన్న బిళ్ళ తీసింది నేనే" అన్నాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

ఆమె చేతిలో పని ఆపింది. కొన్ని అక్షరాలే కొట్టింది. మామూలు ఆలస్యమే, కానీ ఈసారి లెక్కపెట్టలేదు. మొన్న ఆదివారం వచ్చినట్టే ఏదైనా చల్లని మాట వస్తుందని ఎదురుచూడలేదంటే అబద్ధం.

"అన్నకు చెప్పినవా?" అంది పెట్టె.

"లేదు."

మళ్ళీ కొట్టింది.

"సుబ్బులక్కకన్న చెప్పు."

సుబ్బులక్క అంటే జోగారావు భార్య. మేలుకే అందో, కోపంగా అందో తెలియలేదు. ఆరు వందల మీద గొంతులో ఆ తేడా పలకదు. ముఖం చూద్దామంటే అటు తిరిగి ఉంది.

జూలై 10

వెళ్ళలేదు. వాన.

వాన పదింటికే తగ్గింది.

జూలై 11, శుక్రవారం

బస్సు పట్టుకొని యాప్రాల్ వెళ్ళాను. సుబ్బులు గారు తలుపు తీశారు.

"రండి అన్నయ్యగారూ. లచ్చమ్మ వదిన ఎలా ఉంది? మంచినీళ్ళు తాగుతారా?"

"కూసోనమ్మా. ఒక మాట చెప్పి పోత."

చెప్పాను. బిళ్ళ, గంట, స్విచ్చు. వరసగా, ఏదీ కలపకుండా. ఆమె తలుపు పట్టుకొని నిలబడి విన్నారు. గోడ మీద ఫోటోలో జోగారావుకు కళ్ళజోడు ఉంది. చేతులు ఫోటోలో లేవు.

నేను ఆపాను. గేటు దగ్గర హారన్ మోగింది.

"నీళ్ళ ట్యాంకర్ వచ్చింది" అన్నారు. "సంపు మూత తియ్యాలి. ఒక చెయ్యి వేస్తారా?"

మూత ఇనుపది, బరువు. ఇద్దరం చెరో పక్కా పట్టుకొని జరిపాం. ట్యాంకర్ వాడు పైపు లోపలికి వేశాడు. నిండడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పైపు బయటికి వచ్చిందని ఒక్కసారి వంగి చూశాను, ఆ తర్వాతే ఇద్దరం మళ్ళీ మూత వేశాం.